నకలు ఎక్కడ పెడుతున్నారు?



బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఉచితంగా దొరికేదైనా, డబ్బు పెట్టి కొన్నదైనా, మొదటిసారి తెరవగానే మనల్ని ముఖ్యంగా రెండు సంగతులు అడుగుతుంది. ఏ ఫైళ్లకు నకలు తీయాలి? తీసిన నకలు ఎక్కడ పెట్టాలి? మొదటిదానికి అందరం శ్రద్ధగానే జవాబు చెప్తాం. పిల్లల ఫోటోలు, షాపు లెక్కలు, ఆడిటర్‌కు ఇవ్వాల్సిన కాగితాలు, స్టూడియోలో తీసిన పెళ్లి వీడియోలు, ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని టిక్కులు పెడతాం. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి, సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపించిన చోటుకే సరే అని నొక్కేసి ముందుకు వెళ్లిపోతాం. ఈ రోజు నేను మాట్లాడేది ఆ రెండో గడి గురించి. బ్యాకప్ పెట్టుకుని కూడా డేటా పోగొట్టుకున్నవాళ్ల కథలు వింటుంటే, పొరపాటు ఎక్కువసార్లు అక్కడే కనిపిస్తుంది.

మన ఊళ్లలో వ్యాపారుల లెక్కలు చాలావరకు ట్యాలీలో ఉంటాయి. ట్యాలీలో బ్యాకప్ తీసుకునే సదుపాయం ఉంది. అదీ చోటు అడుగుతుంది. చాలామంది అదే కంప్యూటర్‌లోని డీ డ్రైవ్‌ను చూపిస్తారు. అసలు సీలో ఉంది, నకలు డీలో ఉంది, ఇంక భయమేముంది అనుకుంటారు. చాలా కంప్యూటర్లలో సీ, డీ అనేవి ఒకే డిస్కును రెండు భాగాలు చేసి పెట్టిన పేర్లు. విండోస్ పాడై మళ్లీ ఎక్కించాల్సి వచ్చినప్పుడు డీలో ఉన్నది అక్కరకొస్తుంది. డిస్కే చెడిపోతే సీ, డీ రెండూ ఒకే నిమిషంలో పోతాయి. కాబట్టి దగ్గరి చోటు అన్నప్పుడు కనీసం వేరే డిస్కు ఉండాలి. బయట నుంచి తగిలించే హార్డ్ డిస్కు గానీ, ఆఫీసులో అందరూ వాడుకునే చిన్న స్టోరేజీ పెట్టె గానీ, పక్క గదిలో ఉన్న ఇంకో కంప్యూటర్ గానీ.

ఈ దగ్గరి నకలు వల్ల పెద్ద లాభం వేగం. ఒక ఫైలు పొరపాటున చెరిపేస్తే ఐదు నిమిషాల్లో తిరిగి తెచ్చుకోవచ్చు. రోజువారీ జరిగే నష్టాలకు ఇంతకంటే మంచి మందు లేదు. అయితే దానికో హద్దుంది. టేబుల్ మీద కంప్యూటర్ ఉండి, అదే టేబుల్ సొరుగులో బ్యాకప్ డిస్కు ఉంటే, దొంగ వచ్చినా నిప్పు వచ్చినా నీళ్లు వచ్చినా రెండింటికీ ఒకటే గతి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. కింది అంతస్తుల్లో ఇళ్లు, దుకాణాలు ఉన్నవాళ్లకు సామాను పైకి చేర్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. అలాంటి రోజున మనిషి మనుషుల్ని చూసుకుంటాడు, హార్డ్ డిస్కును వెతుక్కోడు. అందుకే రెండో నకలు ముందే ఆ ఊరు దాటి ఉండాలి.

అలాగని దూరంగా ఉన్న ఒక్క నకలునే నమ్ముకుంటే చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక, కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ రోజుల తరబడి సరిగా లేవు. డేటా అంతా ఎక్కడో క్లౌడ్‌లో భద్రంగా ఉన్నా, దాన్ని అందుకునే దారి ఉండదు అలాంటప్పుడు. జనరేటర్ తెచ్చుకుని పని మొదలుపెట్టాలన్నా చేతిలో ఒక డిస్కు ఉండాలి.

ఈ రెంటినీ కలిపి చెప్పే సూత్రం ఒకటుంది. మూడు, రెండు, ఒకటి. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి దూరంగా వేరే చోట. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ డిజిటల్ ఫోటోలు భద్రపరచడం గురించి రాసిన పుస్తకం వల్ల ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. తీసిన ఫోటో మళ్లీ తీయడానికి వీలుండదు కాబట్టి ఫోటోగ్రాఫర్లకు ఈ బాధ ముందుగా తెలిసింది. మన పెళ్లి ఫోటోగ్రాఫర్లందరికీ ఈ మూడంకెలూ నోటికి రావాలని నా కోరిక. తాళి కట్టే ఘట్టం రెండోసారి జరగదు.

సాంకేతికంగా ఎంతో ముందున్న దేశాలు కూడా ఈ విషయంలో దెబ్బతిన్నాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకుంది. బ్యాటరీలు మార్చే పని చేస్తుండగా మొదలైన మంట అది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. చాలావాటికి వేరేచోట నకళ్లున్నాయి, మెల్లగా తిరిగి లేచాయి. జీ-డ్రైవ్ అనే ఉద్యోగుల స్టోరేజీకి మాత్రం ఎక్కడా నకలు లేదు. 858 టెరాబైట్ల పత్రాలు కాలిపోయాయి. మరీ పెద్దది కాబట్టి బయట బ్యాకప్ పెట్టడం కుదరలేదన్నారు. పైగా, పత్రాలు సొంత కంప్యూటర్లలో ఉంచుకోవద్దు, జీ-డ్రైవ్‌లోనే పెట్టండి అని ఉద్యోగులకు చెప్పారు. కొన్ని కార్యాలయాల్లో ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఎవరు ఎక్కువ క్రమశిక్షణతో ఉన్నారో వాళ్లే ఎక్కువ పోగొట్టుకున్నారు. ఆ ఉద్యోగుల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ల తరఫున ఆ చోటును నిర్ణయించినవాళ్లు రెండో చోటు చూడలేదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2021 మార్చి 10న, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ భవనం కాలిపోయింది. అక్కడ కొందరు ఖాతాదారులు బ్యాకప్ కోసం వేరే సర్వర్ తీసుకున్నారు, డబ్బు కట్టారు. ఆ వేరే సర్వర్ అదే ప్రాంగణంలో ఉంది. వేరే సర్వర్ అంటే వేరే చోటు అని అర్థం చేసుకోకూడదు. క్లౌడ్‌లో చోటు తీసుకునేటప్పుడు రీజియన్ ఏది అని అడుగుతుంది చూడండి, అది మీ డేటా ఉండే ప్రాంతం. అమెజాన్‌కు మన దేశంలో ముంబయిలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి రీజియన్లున్నాయి. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే దూరపు నకలుకు ముంబయిని ఎంచుకోండి. విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు హైదరాబాద్ అయినా పనికొస్తుంది.

దూరపు చోటు అంటే క్లౌడే కానక్కర్లేదని కూడా చెప్పాలి. మీ అన్నయ్య ఇల్లు వేరే ఊళ్లో ఉంటే, ఆయన ఇంట్లో ఒక చిన్న స్టోరేజీ పెట్టె పెట్టి మీ నకలు అక్కడికి పంపవచ్చు. ఆయన నకలు మీ ఇంటికి రావచ్చు. పంపే ముందే దానికి తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి పంపే సాఫ్ట్‌వేర్ వాడితే ఒకరి కాగితాలు ఇంకొకరికి కనిపించవు. ఒకరు గుంటూరులో, ఒకరు డాలస్‌లో ఉన్న కుటుంబాలకు ఇంతకంటే చక్కటి ఏర్పాటు నాకు తోచదు. ఇంటర్నెట్ బాగాలేనివాళ్లు రెండు డిస్కులు పెట్టుకుని, నెలకొకసారి పండక్కో పెళ్లికో వెళ్లేటప్పుడు ఒకటి తీసుకెళ్లి ఇంకొకటి తెచ్చుకున్నా సరే. అదీ దూరపు బ్యాకప్పే.

ఇప్పుడు చోటు అడిగే ఆ గడిలో ఏం రాయాలనే దగ్గరికి వద్దాం. ఇది కొంచెం ఓపికగా వినండి. చిన్న చిన్న అక్షరాల దగ్గరే అంతా ఉంది.

విండోస్‌లో బయటి హార్డ్ డిస్కు తగిలిస్తే దానికి ఒక అక్షరం వస్తుంది. ఈ రోజు ‘ఈ’ డ్రైవ్ అని వచ్చింది. మీరు బ్యాకప్ చోటు ‘ఈ’ డ్రైవ్ అని రాశారు. రేపు ముందుగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, తర్వాత డిస్కు పెట్టారు. పెన్‌డ్రైవ్‌కు ‘ఈ’ వెళ్లింది, డిస్కుకు ఎఫ్ వచ్చింది. రాత్రి పది గంటలకు సాఫ్ట్‌వేర్ లేచి ‘ఈ’ డ్రైవ్‌కు వెళ్తే, అక్కడ పెన్‌డ్రైవ్ ఉంటుంది. చోటు చాలక ఆగిపోతుంది, లేదా ఉన్నంతలో రాసేస్తుంది. దీనికి మందు తేలిక. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోటికి వెళ్లి ఆ బ్యాకప్ డిస్కుకు వరస చివరి అక్షరాల్లో ఒకటి, డబ్ల్యూ అనో ఎక్స్ అనో, మీరే ఇచ్చేయండి. ఆ కంప్యూటర్‌లో ఆ డిస్కుకు ఇక అదే పేరు ఉంటుంది.

లైనక్స్ వాడేవాళ్లకు ఇంకా లోతైన గుంట ఒకటుంది. అక్కడ డిస్కును ఒక ఖాళీ ఫోల్డర్‌కు తగిలిస్తారు, మౌంట్ చేయడం అంటారు. స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ బ్యాకప్ అనుకోండి. ఏదో కారణంగా ఆ రోజు డిస్కు తగులుకోలేదు. ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంది. ఫైళ్లకు నకలు తీసే ఆర్‌సింక్ లాంటి పనిముట్టుకు ఆ తేడా తెలియదు. ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే నకళ్లన్నీ రాసిపెడుతుంది. అంటే అసలు ఏ డిస్కు మీద ఉందో నకలు కూడా అదే డిస్కు మీద పడుతుంది. ఎర్రగీత ఒక్కటీ కనిపించదు, పని విజయవంతం అని రిపోర్టు వస్తుంది. నెలల తర్వాత డిస్కు పోయిన రోజున గానీ బయటపడదు. ఇది తప్పించుకోవాలంటే, బ్యాకప్ డిస్కు మీద ఒక గుర్తు ఫైలు పెట్టి, ఆ ఫైలు కనిపిస్తేనే పని మొదలుపెట్టమని స్క్రిప్టులో రాసుకోవాలి. రెస్టిక్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో మేలు. తాను ముందే ఏర్పాటు చేసుకున్న భాండారం అక్కడ కనబడకపోతే ముందుకు కదలదు, ఇక్కడ ఏమీ లేదు అని చెప్పేస్తుంది.

ఆఫీసు నెట్‌వర్క్‌లో పక్క సర్వర్‌కు పంపేవాళ్లు తరచుగా జెడ్ డ్రైవ్ అని రాస్తారు. మీరు లాగిన్ అయి ఉన్నప్పుడు ఆ జెడ్ కనిపిస్తుంది. అర్ధరాత్రి సాఫ్ట్‌వేర్ మీ పేరుతో కాకుండా సిస్టమ్ పేరుతో లేస్తే, ఆ ఖాతాకు జెడ్ అనేదే తెలియదు. అందుకని అక్కడ పూర్తి చిరునామా రాయాలి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు. దూరపు సర్వర్‌కు ఎస్ఎఫ్‌టీపీ అనే పద్ధతిలో పంపేటప్పుడు సర్వర్ పేరు, పోర్టు నంబరు, మామూలుగా 22, ఆ తర్వాత ఫోల్డర్ అడుగుతుంది. ఫోల్డర్ ముందు స్లాష్ పెడితే సర్వర్ మొదలు నుంచి వెతుకుతుంది. పెట్టకపోతే సాధారణంగా మీ ఖాతా సొంత ఫోల్డర్‌లో పెడుతుంది. ఒక్క గీత తేడాతో నకలు వేరేచోట పడుతుంది, తర్వాత మీరు ఇంకోచోట వెతుకుతారు. రాసిన చిరునామాను ఒక కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి.

చిరునామా రాశాక చాలా సాఫ్ట్‌వేర్లలో కనెక్షన్ టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే పచ్చగా వెలుగుతుంది. తలుపు తెరుచుకుందని మాత్రమే దాని అర్థం. లోపల సరుకు చేరిందో లేదో అది చెప్పదు. దీనికి ప్రోగ్రామర్ల కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ అనుభవం కంటే గట్టి సాక్ష్యం లేదు. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు రెండు డేటాబేస్ సర్వర్లలో ఒకదాన్ని ఖాళీ చేయబోయి, అసలు సర్వర్ మీద ఆ ఆజ్ఞ ఇచ్చారు. తప్పు గమనించి ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. సరే, అమెజాన్ క్లౌడ్‌లో రోజువారీ బ్యాకప్ ఉంది కదా అని తెరిచారు. నకళ్లు పెట్టే ఆ చోటు, దాన్ని బకెట్ అంటారు, ఖాళీ. డేటాబేస్ కొత్త వెర్షన్, నకలు తీసే పనిముట్టు పాత వెర్షన్, అందుకని నకలు తీసే పని ఆగిపోతూ ఉంది. ఆగిపోయిందని చెప్పే ఈమెయిళ్లు కూడా సరైన గుర్తింపు లేదని తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆ రోజే ఆరు గంటల ముందు వేరే పని కోసం ఇంజనీరు చేత్తో తీసిన ఒక నకలు వాళ్లను ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. జరిగినదంతా ఆ సంస్థ దాచకుండా రాసి ప్రపంచానికి చెప్పింది. అందుకు వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అంత నిజాయితీగా చెప్పేవాళ్లు తక్కువ.

దూరపు చోటుకు మొదటి నకలు పంపడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కవేసుకోవాలి. మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే 500 గిగాబైట్లు వెళ్లడానికి ఆగకుండా నడిచినా నాలుగున్నర రోజులు దాటుతుంది. కంగారుపడి మధ్యలో ఆపేయకండి. ఆ తర్వాత మారిన భాగాలే వెళ్తాయి, రోజూ నిమిషాల్లో అయిపోతుంది. వీలుంటే మొదటి నకలును డిస్కు మీద తీసి, మనిషి చేత పంపి, అక్కడ ఎక్కించడం మేలు.

మనిషి చేత పంపడమంటే చిన్నచూపు వద్దు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడికి ఓడల సంస్థ మెర్స్క్ కంప్యూటర్లు ప్రపంచమంతటా ఒకేసారి పడిపోయాయి. ఉద్యోగుల లాగిన్లు నిర్వహించే సర్వర్లు దాదాపు నూటయాభై ఉండేవి. అవన్నీ ఒకదానికొకటి నకళ్లే, అన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి, అందుకే దాదాపు అన్నీ పోయాయి. ఘనా దేశంలో ఒక్కటి బతికింది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ ఆగి ఉంది. అక్కడి ఇంటర్నెట్ మీద దాన్ని పంపాలంటే రోజులు పట్టేలా ఉండటంతో, హార్డ్ డిస్కును విమానంలో నైజీరియా మీదుగా ఇంగ్లండ్‌కు చేతికి చేతికి మార్చి తీసుకెళ్లారు.

ఎప్పుడూ తగిలించి ఉండే చోటు వైరస్‌కు కూడా చేరువలోనే ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు తగిలించి ఉన్న డిస్కులను, నెట్‌వర్క్ ఫోల్డర్లను కూడా వెతికి పట్టుకుంటాయి. బ్యాకప్ అయ్యాక బయటి డిస్కు తీసేయండి. దూరపు చోటులో, వీలైతే, రాయడానికే తప్ప చెరపడానికి అనుమతి లేని ఖాతా వాడండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మీ మామూలు ఈమెయిల్ పాస్‌వర్డ్ అయి ఉండకూడదు. ఒక్క సంస్థనే నమ్ముకున్నా చాలదు. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వ్యవస్థ తుడిచిపెట్టుకుపోయింది. ఆ వ్యవస్థను ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ వైపున ఒక గడి ఖాళీగా వదిలేయడమే కారణమని తర్వాత తేలింది. ఆరు లక్షలకు పైగా సభ్యులున్న సంస్థ అది. వేరే సంస్థ దగ్గర కూడా నకళ్లు పెట్టుకున్నారు కాబట్టి కోలుకున్నారు. దూరాన్ని కిలోమీటర్లలోనే కొలిస్తే చాలదు, యజమాని, ఖాతా, పాస్‌వర్డ్ కూడా వేరుగా ఉండాలి.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి ఉన్నాయి కదా అని అడిగేవాళ్లు ఉంటారు. అవి ఇక్కడి ఫోల్డర్‌ను అక్కడి ఫోల్డర్‌తో సమానంగా ఉంచుతాయి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో చెత్తబుట్టలో పడ్డది 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. పని చేసుకోవడానికి అవి బాగుంటాయి, బ్యాకప్ అని లెక్కలో వేసుకోవద్దు.

ఇక తాళం సంగతి. ఎన్‌క్రిప్ట్ చేసిన నకలుకు మీరిచ్చే పాస్‌వర్డ్ పోతే రెస్టిక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ నకలును తెరిచే దారి ఇంకెవరి దగ్గరా ఉండదు, దాన్ని తయారుచేసినవాళ్ల దగ్గర కూడా. ఆ పాస్‌వర్డ్‌ను అదే కంప్యూటర్‌లో ఒక ఫైలులో దాచుకోవడం, పెట్టెలో తాళంచెవి వేసి పెట్టెకు తాళం వేసినట్టే. కాగితం మీద స్పష్టంగా రాసి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీరు నమ్మే ఇంకో ఇంట్లో ఉంచండి. ఆ కాగితం ఎక్కడుందో మీ భార్యకో భర్తకో, ఎదిగిన పిల్లలకో తెలిసి ఉండాలి. షాపు యజమాని హఠాత్తుగా ఆసుపత్రిలో చేరితే లెక్కలు తెరవాల్సింది వాళ్లే.

శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఈ వారంలో ఒక గంట కేటాయించండి. మీ సొంత కంప్యూటర్ ముట్టుకోకుండా, స్నేహితుడిదో పక్కింటివాళ్లదో ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని, మీ దూరపు నకలు నుంచి ఒక్క ఫైలు దించి తెరవండి. నిరుటి ఖాతా పుస్తకం కావచ్చు, పిల్లాడి మొదటి పుట్టినరోజు ఫోటో కావచ్చు. తెరుచుకుంటే తేదీ చూడండి, నిన్నటిదా, ఆర్నెల్ల కిందటిదా అని. తెరుచుకోకపోతే ఆ రోజే సరిచేసుకోండి, అసలు ఇంకా మీ చేతిలోనే ఉంది.